ఐదు బర్రెలున్నావిడ చేమిరి అడిగిన సీను

టీజర్ విడుదలైన రోజు నేను గురజాల బస్టాండులో ఉన్నాను. మా ఊరికి, పిన్ని దగ్గరికి, ఆటో కోసం చూస్తూ ఫోన్లో ఆ వీడియో తెరిచాను. రెండిళ్ళకూ కలిపి ఒకే ప్రహరీ. సర్పంచి ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు నిలబడ్డ ఇద్దరు తోడికోడళ్ళు. నా కథ! హైదరాబాదులో ఆ డైరెక్టరు ఆఫీసులో కూర్చుని, గొంతు పోయేలా నేను వినిపించిన కథ! చివర్లో పెరటి గుమ్మం, ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకున్న ఒక చెయ్యి. ఆ తర్వాత కార్డు. కథ, మాటలు, దర్శకత్వం అన్నిటికీ ఒకే పేరు, అది ఆ డైరెక్టరుది. "ఒరేయ్!" అని అరిచాను. బస్టాండులో ఉన్న ఒరేయ్‌లందరూ నా వైపు తిరిగారు.

సినిమావాళ్ళు కథను చదవరు, వింటారు. మనం ఎదురుగా కూర్చుని ఏడ్చి, నవ్వి, అవసరమైతే లేచి ఫైటు కూడా చేసి చూపించాలి. అలా చెప్పింది ఎవరి చెవిలో పడితే వాళ్ళదైపోయే ప్రమాదం ఉందని నాకు ముందే తెలుసు. అందుకే బుద్ధిగా స్క్రిప్టును రచయితల సంఘంలో రిజిస్టరు చేయించాను. చిక్కల్లా ముగింపు దగ్గరే వచ్చింది.

రిజిస్టరైన ప్రతిలో కథ ఇలా ముగుస్తుంది. మొగుడి పంతం కోసం నామినేషన్ వేసిన పెద్ద కోడలు పోలింగు గదిలోకి వెళ్ళి, చిన్న కోడలి గుర్తుకే ఓటేస్తుంది. ఆ పదవి మీద నిజంగా ఆశ ఉన్నది ఆ పిల్లకేనని ఆమెకు తెలుసు. సరిగ్గా ఒక్క ఓటుతో ఓడిపోయి, పెరట్లో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. నేను రాసింది అంతవరకే.

ఏ కథ రాసినా ముందు పిన్నికి చెప్పడం నాకు అలవాటు. పిన్ని విని ఊరుకునే రకం కాదు. మర్నాటికల్లా మిరపకాయల కోతలో కూలీలకు, బస్సులో పక్కసీటు వాళ్ళకు తిరిగి చెప్పేస్తుంది. ఆమె నోట్లో పడ్డాక నా కథ నాకే కొత్తగా వినిపిస్తుంది. ఈ కథ ఆమె చెబుతుంటే వెనక కూర్చుని విన్నాను. పెద్ద కోడలు ఏడుస్తూ ఉంటే గెలిచిన చిన్న కోడలు పెరటి దారిన వచ్చిందట, చేతిలో ఖాళీ గ్లాసుతో. నెలల తరబడి మాటల్లేవు. గుమ్మంలో నిలబడి, "అక్కా, పాలు తోడెయ్యాలి, కాసింత చేమిరి ఉంటే పెట్టు" అందట. ఇంట్లో ఐదు బర్రెలు పాలిస్తున్న మనిషి! పెద్ద కోడలు లేచి, మారు మాట్లాడకుండా గ్లాసులో పెరుగు వేసిందట.

ఎగిరి గంతేశాను. ఆ వారమే హైదరాబాదు వెళ్ళి డైరెక్టరుకు ఆ ముగింపుతోనే చెప్పాను. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను దాన్ని కాగితం మీద పెట్టేలోపు అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

టీజర్ చూశాక రచయితల సంఘంలో ఫిర్యాదు చేశాను. కమిటీ ముందు అతని వాదన ఒకటే. "ఊళ్ళో తోడికోడళ్ళ గొడవ ఎవరి సొత్తూ కాదు సార్. నా సినిమాకు ప్రాణం క్లైమాక్సు. అది ఆవిడ స్క్రిప్టులో లేదు, నా బుర్రలో పుట్టింది." అందులో మొదటి ముక్క నిజమే కావడంతో నాకు మరీ మండింది.

"ఆ సీను మీరు చెప్పారనడానికి సాక్ష్యం ఉందా అమ్మా?" అని అడిగాడు కమిటీ పెద్దాయన.

"మా ఊరు మొత్తం ఉందండీ" అన్నాను.

తర్వాతి విచారణకు పిన్ని వచ్చింది. ఇస్త్రీ చీర, చేతికి గడియారం, మళ్ళీ సర్పంచిగా నిలబడి ప్రచారానికి బయల్దేరిన మనిషిలా ఉంది. ఏం మాట్లాడాలో నేను చెప్పలేదు. చెప్పినా వినదు. కమిటీ వాళ్ళు కథ చెప్పమన్నారు. పిన్ని చెప్పింది! చిన్న కోడలి మెట్టెల చప్పుడు దగ్గర్నుంచి చెప్పింది. టీలు చల్లారిపోయాయి. మాకు వ్యతిరేకంగా వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాకు లోపల ఈలలు వేయాలనిపించింది.

"టీజర్లో గ్లాసు చూసి అల్లేశారు సార్" అన్నాడు డైరెక్టరు.

"ఆ గ్లాసు దేనికో టీజర్లో చెప్పారా అబ్బాయ్?" అంది పిన్ని.

పెద్దాయన నవ్వాపుకుని, పిన్ని ఫోన్ అడిగి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని అందులో ఏదో ఒక పేరు మీద నొక్కి స్పీకర్ పెట్టాడు. అది మా ఊరి పాలకేంద్రం అతనికి వెళ్ళింది. పెద్దాయన తోడికోడళ్ళ కథ విన్నావా అనగానే అవతల్నుంచి నవ్వు.

"సర్పంచమ్మ చెప్పిందేగా? పోయిన ఎండాకాలం మాచర్ల పోతా బస్సులో విన్నా. ఐదు బర్రెలున్నామె చేమిరి అడగటమేంది సార్! మా ఇంట్లో ఆడోళ్ళు ఇప్పటికీ అదే చెప్పుకొని కళ్ళు తుడుచుకుంటారు. ఏంది, సినిమా తీస్తన్నారా?"

గదిలో అందరూ నవ్వేశారు. గెలిచామనుకున్నాను. అప్పుడు పెద్దాయన పిన్ని వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఆ చేమిరి ముక్క ఎవరిదమ్మా? అమ్మాయిదా, మీదా?"

"నాదే" అంది పిన్ని, ఆలోచించకుండా.

దానిదే అనేస్తే పోయేది కదా, ఎందుకీ నిజాయితీ అని ఒక్క క్షణం పిన్ని మీద ఒళ్ళు మండింది. డైరెక్టరు బల్ల మీద చెయ్యి కొట్టాడు. "చూశారా సార్! ఆవిడది కాదని వాళ్ళే ఒప్పుకున్నారు."

"ఉండు నాయనా" అంది పిన్ని. "నాదా దానిదా అన్నది మేం ఇంటికాడ తేల్చుకుంటాం. నీది మాత్రం కాదు గదా?"

పిన్నికి ఊపొచ్చింది. "నేను అయిదేళ్ళు సర్పంచిగా చేశా. పేరు నాది, పెత్తనం మా ఆయనది. కుర్చీలో ఆయన కూచుంటే నేను లోపల టీలు పెట్టా. ఊళ్ళో రోడ్డు పడ్డప్పుడు శిలాఫలకం మీద నా పేరేశారు. ఆ దారిన పోవాలంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు. వేరేవాళ్ళ పనికి మన పేరుంటే అట్టా ఉంటది. నీకెట్టా ఉంది నాయనా?"

అతను తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. లేచి, "కథ కార్డులో ఇద్దరి పేర్లూ వెయ్యాలి సార్, నాదీ పిన్నిదీ" అన్నాను. అడగాలని ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. కమిటీ అదే రాసిచ్చింది, విడుదల దగ్గర పడిందేమో నిర్మాత కూడా సరేనన్నాడు.

నరసరావుపేటలో మొదటి ఆటకు ఊరు ఊరంతా ఆటోల్లో దిగింది. కార్డు పడగానే హాలు దద్దరిల్లింది. పాటలకు అరిచినట్టు "వన్స్ మోర్" అని అరిచారు. ఆపరేటరు నిజంగానే వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు! నేను ఏడుస్తూ పిన్ని భుజం పట్టుకున్నాను. పిన్ని తెరమీంచి చూపు తిప్పకుండా నా చెవిలో అంది, "ఏమే, నీ పేరు పైనెందుకుంది?"

"రాసింది నేను గదా పిన్నీ."

"జనం ఏడిచేది నా ముక్క కాడ. చూస్తా ఉండు."

అక్కడే ఏడ్చారు.

తిరుగు ప్రయాణం గురజాల బస్సులో. పిన్ని మాంచి హుషారు మీద ఉంది. కొత్త కథ మొదలుపెట్టింది. ఇద్దరు వియ్యంకులు. పొలంలో బోరు ఒకరిది, దాని మీద మోటారు ఇంకొకరిది. మాటా మాటా పెరిగి మోటారు ఆపేశారు. రెండు చేలూ ఎండిపోతున్నాయి. ఒకనాడు తెల్లారేసరికి రెండు చేలూ నిండా తడిసి ఉన్నాయి.

"ఎవరేశారమ్మా మోటారు?" అన్నాడు కండక్టరు, టికెట్లు కొట్టడం ఆపి.

పిన్ని నోరు తెరిచి, ఆగింది. ముందు సీట్లూ వెనక సీట్లూ చూసింది. ఎవరెవరి చేతుల్లో ఫోన్లున్నాయో చూసింది. నోరు మూసేసింది.

"ఏంది పిన్నీ?"

"ముందు కాయితం రాయి. కథ నాదని. నువ్వు సంతకం పెట్టు. అప్పుడు చెప్తా."

బస్సంతా గోల. ఇన్నేళ్ళూ ఏ బస్సెక్కితే ఆ బస్సులో కథలు పంచిపెట్టిన మనిషి! నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. ఇది నేర్పింది నేనే. పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మోటారు ఎవరేశారో నాకు తెలియాలి. బ్యాగంతా వెతికినా పెన్ను దొరకలేదు. కండక్టరు తన జేబులో పెన్ను తీసి ఇచ్చాడు.

"తొందరగా రాయండి మేడం" అంది వెనక సీటావిడ. "నేను దిగేది వచ్చే స్టాపే."