ఎమ్మిగనూరు బస్సులో ఇటాలియన్

ఫోన్లో ఇటాలియన్ పాఠాలు చెప్పే ఆ మగ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అతను ఒక వాక్యం అంటాడు. తర్వాత కాస్త ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలో మనం మాట్లాడాలి. ఏం మాట్లాడాలో నాకు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను, ఖర్మ.

ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును నేను. పన్నెండేళ్ళుగా ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సు. ఆసుపత్రిలో నాకు పేరు లేదు. రోగులకు సిస్టర్‌ని, డాక్టరుకు "ఏయ్"ని. ఇటలీలో ముసలివాళ్ళను చూసుకోవడానికి నర్సులు కావాలని, భాష వస్తే తీసుకుంటారని ఒక శిక్షణ కేంద్రంవాళ్ళు చెప్పారు. ముప్పై అయిదు దాటితే మాత్రం తీసుకోరు. నాకు ఆ వయసు నిండడానికి ఎనిమిది నెలలే ఉంది. ఇంటర్వ్యూ ఒక్కసారే. పుస్తకం పట్టుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? పాఠాలు ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

మా ఆసుపత్రిలోనే పనిచేసే, కర్ణాటక అంచునున్న హొళగుంద అమ్మాయి కూడా నాతో చేరింది. ఎమ్మిగనూరులో మేనత్త ఇంట్లో ఉండేది. బస్సులో ఇద్దరికీ ఒకే ఇయర్‌ఫోన్. ఒక కొస నా చెవిలో, ఒక కొస తన చెవిలో. నేను అతనన్న ప్రతి మాటా అతనన్నట్టే అనేదాన్ని. ఆ సాగదీత, ఆ రాగం, అన్నీ. ఆ అమ్మాయి అట్లా కాదు. ఎలా ఉన్నారని గొంతు అడిగితే, వచ్చిన నాలుగు ముక్కల్లో సీటు లేదని, కాళ్ళు నొప్పని చెప్పుకునేది. ఇంట్లో వాళ్ళమ్మ కన్నడంలో తిడితే ఈమె తెలుగులో ఎదురు చెప్పేదట. ఆ అలవాటు.

"ఏందక్కా, వాడన్నదే అంటాండావు? వాడు నిన్ను అడుగుతాండాడు. బదులు సెప్పు."

"నోర్మూసుకోని వాడు సెప్పినట్ల సెప్పు," అన్నాను. "పలికేదే సక్కగ రాదు, మళ్ళా బదులంట!"

తను నవ్వేసింది. నేను నవ్వలేదు. ఆ రోజుల్లో నాకు ఎంత గర్వమో తలచుకుంటే సిగ్గేస్తుంది.

నేను అలా తయారవడానికి కారణం ఉంది. బడిలో టీచరు అన్నది అందరం కలిసి అనేవాళ్ళం. చర్చిలో పాస్టరన్న ప్రార్థన తిరిగి అనేవాళ్ళం. ఆసుపత్రిలో డాక్టరు ఫోన్ చేసి మందు పేరు, మోతాదు చెబితే ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. పొరపాటు జరగకూడదని ఆ పద్ధతి. మంచిదే. ఒకసారి మాత్రం, ఈ ముసలామెకు అంత మోతాదు ఎందుకు సార్ అని అడిగాను. "నేను సెప్పింది సెప్పు, అంతే," అన్నాడు. చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇంటర్వ్యూ రోజు శిక్షణ కేంద్రంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. తెరమీద నెరిసిన జుట్టు, మంచి ముఖం ఉన్న ఒక ఇటలీ ఆమె. పేరు, ఊరు అడిగింది. అవి కంఠతా పట్టినవే, గడగడా చెప్పేశాను. తర్వాత అడిగింది: "పెర్కే వువోలే వెనీరే ఇన్ ఇతాలియా?" ఇటలీకి ఎందుకు రావాలనుకుంటున్నారని. అడిగి ఆగింది.

ఆ ఖాళీ రాగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమె ప్రశ్నే ఆమెకు తిరిగి చెప్పాను, ఆమె రాగంతో సహా.

ఆమె నవ్వి, నిదానంగా మళ్ళీ అడిగింది. నేనూ నిదానంగా మళ్ళీ అన్నాను. పక్కనున్న కేంద్రం ఆయన ఉండబట్టలేక, "అడిగినదానికి బదులు సెప్పమ్మా. ఏంటికి పోవల్లనుకుంటాండావు?" అన్నాడు. తెలుగులో అడిగినా నా దగ్గర మాట లేదు. నాకేం కావాలో, ఎందుకు కావాలో అంతవరకు ఎవరైనా అడిగితే గదా! గోడవైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె తల ఊపింది. అయిపోయింది.

తర్వాత వారం కాగితం వచ్చింది. ఎంపిక కాలేదు, ఉచ్చారణ చాలా బాగుంది అని రాశారు. ఆ కాగితం చించి బస్టాండులో పారేశాను.

హొళగుంద అమ్మాయి ఎంపికై ఇటలీ పోయింది. ఆమె ఇటాలియన్‌లో ఇప్పటికీ హొళగుంద యాసే వినిపిస్తుంది. ఆదివారాల్లో వాయిస్ మెసేజ్ పెడుతుంది: "నువ్వూ వచ్చింటే బాగుండు అక్కా." ఆమె మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. వింటాను, బదులు పెట్టను.

ముప్పై అయిదు దాటింది. అయినా బస్సెక్కగానే పాఠం పెడతాను. ఇప్పుడు అతను ఆగినప్పుడల్లా నేనూ పాఠం ఆపేసి, నా మాట నేను చెబుతాను. ఇటలీకి ఎందుకు రావాలనుకున్నానో తప్పు లేకుండా ఇటాలియన్‌లో చెప్పగలను. పన్నెండేళ్ళు బాగా పనిచేశాను, నన్ను పేరు పెట్టి పిలిచే చోట పనిచేయాలనుకున్నాను అని. మొన్న గట్టిగానే అన్నట్టున్నాను. పక్క సీటులో అవ్వ నా ముఖంలోకి చూసింది.

"ఎవురితో మాట్లాడతాండావు తల్లీ?"

"ఎవురితోనూ లేదవ్వా," అన్నాను.