దోసె తినే మేక, ఆధారంతో సహా

చంద్రగిరిలో ఒక టైలర్ ఉండేవాడు. ఎవరైనా రాయగల ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో, ఊరి పేజీలో, కోట గురించి ఉన్నదాని కింద ఒక వాక్యం చేర్చేవాడు: "మా వీధి మేక దోసె తింటుంది, ఇడ్లీ ముట్టదు." ఆ పేజీలు సరిచూసే నేను దాన్ని చెరిపేవాణ్ణి. మర్నాటికి మళ్లీ ఉండేది.

చివరికి అంగడికే వెళ్లి అడిగాను. మెడలోని టేపు తడుముకుంటూ, "ఉండేదే రాసినా గదప్పా. రాజులకు అంత పేజీ ఇచ్చినారు, మా వీధికి ఒక్క మాట ఉండగూడదా?" అన్నాడు.

"అచ్చయిన ఆధారం కావాలి," అన్నాను, పెద్ద పండితుడిలా.

నెల తిరగకముందే ఆయన కూతురి పెళ్లిపత్రిక వచ్చింది. చిరునామా కింద ఆ వాక్యమే అచ్చయి ఉంది. ఊరి పేజీలోనూ ఆధారం చేరింది: 'పెళ్లిపత్రిక, రెండో పుట.'

పెళ్లికి వెళ్లి మేకకు ఇడ్లీ పెట్టి చూశాను. మొహం తిప్పుకుంది. ఆపైన నా చేతిలోని పెళ్లిపత్రిక లాక్కుని నమిలేసింది.

"నీ ఆధారం పోయింది!" అన్నాను టైలర్‌తో.

ఆయన టేపు లేని మెడ తడుముకుంటూ నవ్వాడు. "ఇంటింటికీ పంచినానప్పా. ఎన్నని తింటాది?"

ఇడ్లీని ఆ మేక ముట్టలేదు. ఆ వాక్యాన్ని మళ్లీ నేనూ ముట్టలేదు.