తనకే ఇష్టం లేదన్నాను

ఆ రోజు డాక్టరమ్మ నా భార్యను అడిగితే జవాబు నేను చెప్పాను. పైగా చెప్పింది అబద్ధం.

తొలికాన్పు కాబట్టి ఆమె నిడదవోలు దగ్గర పుట్టింట్లో ఉండేది. ఇంకా సెల్‌ఫోన్లు అందరి దగ్గరా లేని రోజులు. నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే కబురొస్తే తణుకులో బస్సెక్కి రాజమండ్రి ఆసుపత్రికి చేరాను. అత్తగారు ఆమె నడుము రాస్తున్నారు. అప్పుడే మత్తు డాక్టరమ్మ వచ్చారు.

"కాన్పు నొప్పులు తగ్గించడం మీద పరిశోధన చేస్తున్నామమ్మా. నడుములో సూది గుచ్చి, సన్నటి గొట్టంలోంచి కొంచెం కొంచెంగా మందిస్తాం. నీకిష్టమైతేనే. ఏమంటావు?"

నా భార్య తల్లి వైపు చూసింది. అత్తగారు నా వైపు చూశారు. "అల్లుడుగారు ఎలా అంటే అలాగేనండి."

అత్తగారింట్లో కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా మాటే ఖాయం. కానీ నడుములో సూది అనగానే నాకు భయం పట్టుకుంది. అలా గుచ్చితే కాళ్లు పడిపోతాయని ఎవరో అనగా విన్నాను. ఎవరికి పడిపోయాయో మాత్రం తెలియదు. భయమని చెప్పడానికి సిగ్గేసింది. అల్లుణ్ణి కదా.

"తనకే ఇష్టం లేదండి. నాతో ముందే చెప్పింది," అన్నాను.

"అంతేనామ్మా?"

నా భార్య నన్నోసారి చూసి, ఔనన్నట్టు తలూపింది.

మధ్యాహ్నానికి ఆమె కేకలు వరండాలోకి వినబడసాగాయి. అరిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ కూర్చున్నాను. అత్తగారు బయటికొచ్చారు.

"అల్లుడుగారూ, ఆ మందేదో ఇప్పించమని ఏడుస్తోందండి. ఇందాకే వేయించుకోవాలనుందట. మీరలా అనేసరికి ఊరుకుందట."

పరుగెత్తాను. ఆపరేషన్ గది గుమ్మంలో నర్సు ఆపేసింది.

"డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉన్నారండి. ఇప్పుడు రాలేరు."

"ఇంకెవరైనా..."

"మత్తుకి ఆవిడొక్కరేనండి."

తిరిగొచ్చేసరికి కాన్పు గది తలుపు అవతల ఏ చప్పుడూ లేదు. పోయిందనుకున్నాను. నేనే చంపుకున్నాననుకున్నాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ ఏడుపు వినబడినా గోడ వదల్లేదు. ఆమె గొంతు వినబడలేదు మరి.

చివరికి నర్సు వచ్చింది. "ఆడపిల్లండి. మీ ఆవిడ బానే ఉన్నారు. మీరు కళ్లు తిరిగి పడిపోలేదు కదా, చూసి రమ్మని ఆవిడే పంపారు."

అత్తగారు ఫక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు డాక్టరమ్మ మళ్లీ వచ్చారు. మందు వద్దన్నవాళ్లని కూడా కారణం అడగాలట. "ఎందుకు వద్దనుకున్నావమ్మా?"

నా భార్య దుప్పటి అంచు సర్దుకుంటూ కూర్చుంది.

"తను వద్దనలేదండి," అన్నాను. "ముందే చెప్పిందన్నది అబద్ధం. సూదికి భయపడింది నేను. వద్దన్నది మొగుడని రాసుకోండి."

"ఊరుకోండి అల్లుడుగారూ, ఇప్పుడెందుకవన్నీ?" అని అత్తగారు సర్దబోయారు.

నేను నా భార్య వైపు తిరిగాను. "నిన్నడిగితే నేను చెప్పేశాను. తప్పు నాది."

"ఆ ముక్క నిన్న చెప్పాల్సింది," అందామె, బిడ్డ వైపే చూస్తూ.

"సరే. అయితే ఇప్పుడు నువ్వు చెప్పమ్మా," అన్నారు డాక్టరమ్మ.

ఆమె నోరు తెరవబోయి, మళ్లీ నా ముఖంలోకి చూసింది.

"పదండి అత్తయ్యగారూ, మనం కాఫీ తాగొద్దాం," అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేశాను.