కనకమ్మ చెప్పిన మాట

ఒక్క మాట మార్చాను. పదేళ్లుగా గుండె మీద మోస్తున్న బరువంతా అదే. ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొత్తూ తీసుకోలేదు. అయినా ఇది చదివే మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

తొంభైల చివర కుప్పంలో ఎం.ఏ. చదివేవాణ్ణి. మారణహోమాలు, మానవ హక్కులు మా పాఠ్యాంశం. నాతో చదివే సుజాతది మదనపల్లె. యుద్ధం నుంచి తప్పించుకుని లంక వదిలి వచ్చిన తమిళుల మీద పరిశోధన వ్యాసం రాస్తోంది. ఆమెకు తమిళం రాదు. సరిహద్దు పల్లెవాణ్ణి కాబట్టి నాకు వచ్చు. అలా మాట తర్జుమా చేయడానికి వెంట వెళ్లాను.

అలా లంక నుంచి వచ్చి కుప్పంలో ఉంటున్న కనకమ్మ అగరుబత్తీలు చుట్టి బతికేది. టేపురికార్డరు వద్దంది. పని ఆపకుండానే చెప్పుకొచ్చింది. ఊరు తగలబడుతుంటే పిల్లలతో పడవ దగ్గరికి పరుగెత్తిందట. చంకలో పసివాడు, చేయి పట్టుకుని ఆరేళ్ల కూతురు. ఆ పిల్ల ఇక పరుగెత్తలేక కూలబడింది. వెనక తుపాకుల మోత.

అక్కడ ఆమె చేతులు ఆగాయి. "నానే విట్టుట్టేన్," అంది. నేనే వదిలేశాను, అని.

"ఏమంటాండాది?" సుజాత తలెత్తి అడిగింది.

"జనంలో చెయ్యి జారిపోయిందంట," అన్నాను.

ఎందుకలా అన్నాను? జాలితోనే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజమా? మేం చదివే పుస్తకాల్లో చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ వేరువేరుగా ఉండేవారు, బాధపడిన మనిషికి ఏ మచ్చా ఉండకూడదని నాకు తెలియకుండానే నమ్మి, ఆమె ఏళ్ల తరబడి గొంతులో దాచుకుని చివరకు బయటపెట్టిన మాటను నాకు నచ్చినట్టు దిద్దేశానేమో. ఆమె అడిగింది జాలి కాదు. ఒకరు వింటే చాలనుకుంది.

సుజాత వ్యాసానికి మంచి పేరొచ్చింది. నేను పుంగనూరులో టీచరుగా చేరాను. నాలుగేళ్ల తర్వాత కుప్పం వెళ్తే బజారులో కనకమ్మ నన్ను గుర్తుపట్టి పిలిచింది. అప్పటికి ఆమెకు తెలుగు బాగా వచ్చేసింది.

"ఏమప్పా, నేను సెప్పింది సదివినోళ్లు నన్ను తిట్టినారా?"

"లేదమ్మా. ఎవురూ తిట్టలేదు."

"అంతా సెప్పినావు కదా? పాపను నేనే ఇడిసిపెట్టినానని?"

"సెప్పినానమ్మా."

ఆమె అగరు పొడి అంటిన చేత్తో నా తల నిమిరింది. అంత తేలికపడిన ముఖాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. టీ తాగి పొమ్మంది. తాగాను. ఎలా తాగగలిగాను?

మరో రెండేళ్లకు కనకమ్మ పోయిందని తెలిసింది. సుజాతకైనా నిజం చెబుదామని మదనపల్లె వెళ్లాను. అప్పటికి ఆమె అక్కడే పాఠాలు చెబుతోంది. చెయ్యి జారిన ఆ తల్లి కథ చెప్పినప్పుడల్లా పిల్లలు కళ్లు తుడుచుకుంటారని ఆమే నాతో అంది. అసలు సంగతి చెప్పకుండానే, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను.

అంతా చెప్పానన్న నా అబద్ధంతోనే కనకమ్మ మనశ్శాంతితో కన్నుమూసిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ ఊరటను నమ్మబోతూ సిగ్గుపడతాను. క్షమించాల్సిన మనిషి లేదు.

కూతురి చెయ్యి కనకమ్మే వదిలింది. ఆ సంగతి తన నోటితో చెప్పింది. నేను విని, దాచాను.

ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.