బియ్యం కడుగు తాగిన తులిప్ దుంపలు

నవోమి గారితో "మీవల్ల కాదు" అని గెలిచినవాళ్ళు లేరు. అని చూసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆవిడది తెనాలి. అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో నర్సు. మా తెలుగు క్రైస్తవ సంఘమంటే అప్పట్లో పది కుటుంబాలు, ఆదివారం ఆరాధనకో అద్దె హాలు. ప్రభువు చనిపోయి లేచిన పండగ ఈస్టర్‌కి బల్లమీద ఎప్పుడూ ప్లాస్టిక్ లిల్లీలే. సంఘపెద్ద దైవాశీర్వాదం గారు వాటిని సబ్బునీళ్ళతో కడిగి, అట్టపెట్టెలో దాచి, మరుసటేడు మళ్ళీ తెచ్చేవారు. ఎనభై రెండులో నవోమి గారికి ఒళ్ళు మండింది. "వచ్చే ఈస్టర్‌కి మా ఇంటిముందు పూసిన పూలు పెడతా," అని అందరి ముందూ అనేసింది.

అక్టోబరులో ముప్పై తులిప్ దుంపలు నాటింది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి మడిలో పోసేది. తెనాలిలో వాళ్ళమ్మ మల్లెపాదుకి పోసేది అవే మరి. నేల గడ్డకట్టేదాకా ఒక్కపూట మానలేదు.

ఈస్టర్ దగ్గరికొచ్చింది. పక్కింటి మడిలో తులిప్ ఆకులు జానెడు లేచాయి. ఈవిడ మడిలో ఒక్క మొలక లేదు. వేళ్ళతో తవ్వితే కుళ్ళిన ఉల్లిపాయలాంటి ముద్ద చేతికంటింది. పక్కింటి ముసలావిడ కంచె దగ్గరికొచ్చి వాసన చూసి విషయం చెప్పింది. ఇక్కడిది బంకమట్టి, నీళ్ళు ఇంకవు. దుంప తన తిండి తనలోనే దాచుకుని చలికాలమంతా పడుకుంటుంది. నానబెడితే కుళ్ళిపోతుంది.

"ఆకలేస్తుందని పోశానే, చంపడానికా?" అని నవోమి గారు నా దగ్గర ఏడ్చింది.

ఆ ఆదివారం అట్టపెట్టె మళ్ళీ తెరుచుకుంది. "ఈ నేల మనకి అచ్చిరాదమ్మా. ఇవైతే చావవు," అన్నారు దైవాశీర్వాదం గారు. నేనూ ఊరుకోక, "మీవల్ల కాదులెండి, ఎందుకీ పంతం?" అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"చంపింది నేనేగా. లేపేదీ నేనే," అంది నవోమి గారు.

ఆ అక్టోబరులో మడి ఎత్తు చేసింది. ఇసుక కలిపి మళ్ళీ ముప్పై దుంపలు నాటింది. ఉడతలు తవ్వకుండా పైన ఇనపజాలి పరిచింది. అన్నిటికన్నా కష్టమైంది చెయ్యి ఆపుకోవడం. బియ్యం కడిగిన గిన్నె చేతిలో ఉంటే కాళ్ళు వాటంతటవే వాకిట్లోకి నడిచేవట. ఒకరోజు సాయం చేద్దామని ఆవిడ భర్త జయరాజు గారు గిన్నె పట్టుకుని మడి దగ్గరికెళ్ళారు. కారు స్టార్ట్ చేస్తున్న నవోమి గారు అద్దం దించి వీధంతా వినపడేలా అరిచింది. "ఏవండీ! ఒక్క చుక్క పడిందా, ఈ ఇంట్లో ఇంక అన్నం వండను!"

ఎనభై నాలుగు ఈస్టర్‌కి ముప్పైలో పదకొండు లేచాయి. ఆ ఉదయానికి నాలుగే విచ్చాయి. వాటిని స్టీలు చెంబులో పెట్టి హాలుకి తెచ్చింది. బల్లమీద అప్పటికే లిల్లీలున్నాయి. వాటిని తీసి, దుమ్ము దులిపి, దైవాశీర్వాదం గారి చేతుల్లోనే పెట్టింది.

"నాలుగేనా? బల్ల బోసిగా ఉంటుందమ్మా. ఇవీ ఉండనీ. చావవని తెచ్చాను కదా," అన్నారాయన.

"అందుకేనండీ వద్దంటున్నా. చావనివి ఎట్లా లేస్తాయి?"

ఆయన లిల్లీలని అట్టపెట్టెలో పెట్టి మూత వేశారు.