మార్తమ్మ టీచరు రాయనివ్వని నినాదం

నిన్న మా వీధిలో ఎవరో గోడకు సున్నం వేయిస్తున్నారు. ఆ తడి సున్నం వాసన తగలగానే కాఫీ పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబోలు. నాకు మాత్రం యానాంలో మా పక్కింటి మార్తమ్మ టీచరు గుర్తొచ్చారు. కనకాలపేట బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిది. మెయిన్ రోడ్డు వెంట పొడవాటి ప్రహరీ గోడ ఆవిడది. దాని మీద అన్ని పార్టీలకూ కన్నే.

ఎనభైలలో మా ఊళ్లో ఎన్నికలంటే గోడలే. పాండిచ్చేరి నుంచి వచ్చే నాయకులకు తెలుగు రాదు గనక, ఒక పార్టీకి నినాదాలు కట్టే పని మా నాన్న నెత్తికెత్తుకున్నారు. బట్టల కొట్లో బేరాలు మానుకుని మరీ ప్రాసలు వెతికేవారు. మార్తమ్మ టీచరుకు ఆ రాతలంటే మహా సరదా. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వాటి పక్కన ఇంటి మనుషుల నినాదాలు పెట్టి తూచేవారు.

“పార్టీవోళ్లది ‘చేసి చూపిస్తాం’. మీ నాన్నది ‘చూద్దాంలే’. మీ అమ్మది ‘నాదేముందండి, మీ ఇష్టం’. ఈ మూడిట్లో ఏది నిజమో చెప్పు పాపా?”

నవ్వాపుకోలేక “అమ్మదేనండి” అన్నాను.

“ఆయ్. మాట మీద నిలబడేది ఆవిడొక్కతే. ఎలక్షన్లో కూడా ఆవిడే నిలబడాలి.”

“మరి మీదేంటండి?”

“‘ముందు అన్నం తిను.’ ఇంటికొచ్చినోళ్లందరికీ అమలు చేసేశాను. ఓట్లే పడలేదు.”

నవ్వుతున్నానే గానీ లోపల దిగులు. కాకినాడ నర్సింగ్ స్కూల్లో నాకు సీటొచ్చింది. సోమవారం లోగా చేరకపోతే పోతుంది. రాత్రి డ్యూటీలు చేసే పిల్లకు సంబంధాలు రావని నాన్న భయం. కాదనరు, అవుననరు, ‘చూద్దాంలే’ అంటారు. టీచరు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ విని ఊరుకున్నారు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు నాన్న పెయింటరును వెంటబెట్టుకుని ఆవిడ గోడ అడగడానికి వచ్చారు. మా పెరట్లోంచి అంతా కనపడుతోంది, వినపడుతోంది. కొత్త నినాదాన్ని గొంతెత్తి చదివారు: “ఆడపిల్ల చదువే ఇంటికి వెలుగు!”

“ఎంత బాగుందయ్యా సత్యం! నీ బుర్రలోదేనా?”

“నాదేనండి. ఆడోళ్ల ఓట్లన్నీ మనకేనండి.”

“సున్నం ఇప్పుడే కొట్టించుకో. అక్షరాలు మాత్రం నీ కూతురు కాకినాడ బస్సెక్కిన రోజున రాయించు.”

“అదేంటండి! రెండిటికీ సంబంధం ఏముందండి?”

“నా గోడ మీద అబద్ధం ఉండకూడదయ్యా. బడికెళ్లే పిల్లలు చదువుకుంటా పోతారు. ముందు మీ ఇంట్లో నిజం కానీ, తరవాత ఊరందరికీ చెబుదువు గాని.”

నాన్న అలవాటు కొద్దీ “చూద్...” అని ఆగిపోయారు. టీచరు పకపకా నవ్వారు. పెయింటరు సున్నం కలుపుతున్నట్టు అటు తిరిగాడు. నాన్న ముఖం గంటు పెట్టుకుని ఇంటికొచ్చేశారు.

గోడ తెల్లగా ఉండిపోయింది. రోడ్డు పొడవునా రంగులే, అదొక్కటే ఖాళీ. బట్టల కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లూ “ఏమండీ, అంత మంచి గోడ వదిలేశారేంటి?” అని అడగడమే. నాన్న ఏం చెప్పగలరు? ఆదివారం సాయంత్రం ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. “బట్టలు సర్దుకో. పొద్దున్నే బస్సు,” అన్నారు, నా వైపు చూడకుండా.

నన్ను దిగబెట్టి తిరిగొచ్చి, ఆ రోజే రాయించారట. పార్టీ ఓడిపోయింది. నాన్న మాత్రం సెలవులకు వచ్చిన నన్ను కొట్టు ముందు కూర్చోబెట్టుకుని, వచ్చిన వాళ్లందరికీ “మా నర్సమ్మ” అని చూపించేవారు.

మార్తమ్మ టీచరు పోయి చాలా ఏళ్లయింది. ఉద్యోగమంతా నర్సుగానే చేసి రిటైరయ్యాను. ఏ సభలోనైనా ఆడపిల్లల గురించి మాట్లాడమంటే, మా ఇంట్లో పనిచేసే సత్యవతిని “నీ కూతురు బడికెళ్లిందా?” అని అడిగి గానీ గడప దాటను. వెళ్లలేదంటే ఆ రోజు సభ లేదు, ఆ పిల్ల ఇంటికే నా ప్రయాణం. ఆనాడు టీచరు మొహమాటపడి గోడ ఇచ్చేసి ఉంటే, ఊళ్లో ఒక మంచి నినాదం వెలిసేది. నేను కొట్లో చీరలు మడతపెడుతూ దాన్ని రోజూ చదువుకునేదాన్ని.