మా ఇంటి తుపాకి చప్పుడు

మా గడిలో ఒకప్పుడు తుపాకులు గోడ పొడుగునా వేలాడేవి. వాటిలో సగం రైతాంగ పోరాటం నాడు సంఘం వాళ్లు రసీదు ఇవ్వకుండా పట్టుకుపోయారు. మిగతా సగం పోలీసు చర్య తరువాత సర్కారు రసీదు ఇచ్చి పట్టుకుపోయింది. ఏ పద్ధతిలో పోయినవీ తిరిగి రాలేదు కనుక రసీదుల మీద నాకు గౌరవం పోయింది. మిగిలింది పాయింట్ ఇరవైరెండు అనే చిన్న రైఫిలు ఒక్కటే. సర్కారు వాళ్లు దాన్ని కూడా చేతిలోకి తీసుకొని చూశారు. పిల్లల ఆటవస్తువని నవ్వి పక్కన పెట్టారు. ఆ అవమానం పుణ్యమా అని మా ఇంట్లో తుపాకి అనేది ఉండిపోయింది.

దాని తూటా చిటికెన వేలి కణుపంత. పెద్ద తూటాలకు పేలే మందు అడుగున నడిమధ్య ఉంటుంది, దీనికి అంచులో ఉంటుంది. అంచు మీద దెబ్బ పడితే చాలు. పులులను కొట్టిన మా తాత బతికి ఉంటే దాన్ని తూటా అనేవాడు కాదు, వక్క పలుకు అనేవాడు.

అయినా ఆ పలుకు మీదే మా పరువు నిలబడి ఉంది. దసరా నాడు జమ్మి పూజ అయ్యాక మా ఇంటి తుపాకి పేలాలి. అది వినబడిన తరువాతే ఊరు జమ్మి ఆకు పంచుకొని, కౌగిలింతలతో అలాయ్ బలాయ్ తీసుకునేది. జాగీరు రద్దయ్యాక ఊరు మా చప్పుడు కోసం ఆగడం మానేసింది. మా మేనత్త మాత్రం మానలేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. చూపు మందగించాక గడిని చెవులతోనే ఏలింది. వంటింట్లో గరిటె జారినా, వాకిట్లో కొత్త చెప్పులు నడిచినా ఆమెకు తెలిసేది.

రాష్ట్రాలు కలిసిన కొన్నేళ్లకు నల్లగొండకు కోస్తా నుంచి బదిలీ మీద ఒక అధికారి వచ్చాడు. తుపాకి లైసెన్సులు ఆయన చేతిలోకి వచ్చాయి. నన్ను కబురు పెట్టి పిలిపించాడు. కుర్చీ వేయించాడు, అంతవరకు మర్యాదే.

"ఏవండీ దొరగారూ, తుపాకి ఎందుకంటే 'వంశ గౌరవం' అని రాశారు. అలాంటి కారణం మా రూల్సులో లేదండి. పంట రక్షణ ఉంది, ప్రాణ రక్షణ ఉంది, క్రీడ ఉంది."

"పంట మీరే తీసుకున్నరు. ప్రాణానికి భయమని రాసే అలవాటు మా ఇంట్లో లేదు" అన్నాను.

"అయితే క్రీడ అని రాసుకుందామండీ. మన క్లబ్బులో చేరండి. వచ్చే నెల చాంద్‌మారీ, అదే గురి పోటీ, ఉంది. అందులో గురి చూపిస్తే లైసెన్సు ఉంటుంది. లేకపోతే రైఫిలు ఠాణాలో అప్పగించేయాలండీ."

మా తాతలు గురి చూపించమని ఇతరులను అడిగేవారు. ఇప్పుడు కాగితం ముందు నేను చూపించాలి. చూపించకపోతే గోడకు ఉత్త మేకులు మిగులుతాయి.

తూటాల కోసం హైదరాబాదు పోయాను. మా నాయిన కాలం నుంచి మాకు సరుకు ఇచ్చిన ముసలి దుకాణదారు సుర్మా కళ్లతో లేచి సలాం చేశాడు. చుట్టాన్ని కౌగిలించుకున్నట్టు ఒక ఎర్ర డబ్బాను బయటికి తీశాడు.

"హుజూర్, మీ ఖాందాన్‌కు మామూలు కార్తూస్ ఇస్తే నాకు నిద్ర పడ్తదా? గిది విలాయతి మాల్. పేలిందంటే గోల్కొండ కిల్లా ఉలిక్కిపడాలె."

"ఆ తెల్ల డబ్బా?"

"గదా? గది ప్లీడర్లు కొంటరు, హుజూర్."

ఆ మాటతో ఎర్ర డబ్బా ఖాయమైంది. కాని విలాయతి సరుకు రావడం అప్పటికే పలచబడింది. లైసెన్సు మీద నాకు రావలసినంత ఎర్రది అతని దగ్గర లేదు. తక్కువ పడిన మేరకు తెల్ల డబ్బా అంటగట్టాడు. ఎవరైనా చూస్తారేమోనని దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాను.

గడి వెనక మొరం గుట్ట ఉంది. దానికి ఎదురుగా జొన్నల బస్తా వేసి, రైఫిలు దాని మీద ఆనించాను. గురికి కాగితం కావాలి. రద్దయిన జాగీరు కాగితాలు పెట్టె నిండా ఉన్నాయి. వెనక వైపు తెల్లగా, దళసరిగా, రాచకళతో ఉన్నాయి. వాటి మీద బొగ్గుతో చుక్క పెట్టాను.

ఎర్ర తూటా కొరడా ఝళిపించినట్టు పేలింది. వసారాలో నుంచి అత్త గొంతు వినబడింది: "శెబ్బాష్ బిడ్డా! గదీ సప్పుడంటే. మీ తాత మళ్ల వచ్చినట్టే ఉన్నది."

ఇంకో రెండు కాల్చి, కాగితం దగ్గరికి పోయి చూశాను. తాత నిజంగానే వచ్చి ఉంటే తల పక్కకు తిప్పుకునేవాడు. ఒకటి పైన, ఒకటి పక్కన, ఒకటి కాగితం వదిలి గుట్టలోకి పోయింది. తప్పు నా చేతిదా అని కాసేపు కూర్చొని, మళ్లీ కాల్చాను. మళ్లీ అంతే.

తెల్ల డబ్బా విప్పాను. అది పేలడమంటే ఒట్టి టప్పుమనడం. కొన్ని కాల్చాక గొట్టం ఆ తూటాకు అలవాటు పడింది. ఆ తరువాత ఒకదాని పక్కన ఒకటి తగలసాగాయి. చివరికి నాలుగైదు రంధ్రాలు కలిసి ఒకే కన్నమయ్యాయి. చప్పుడు కంటే వేగంగా బయలుదేరిన తూటా, దారిలో ఆ వేగానికి దిగేటప్పుడు తడబడుతుందని ఆ తరువాత ఎక్కడో చదివాను. మొదటి నుంచీ నిమ్మళంగా పోయేదానికి ఆ బాధ లేదు. మా ఖాందాన్ సంగతి కూడా ఆ రచయితకు తెలుసేమో అనిపించింది.

"ఏందిరా అది? ఎవరన్న పేలాలు ఏంపుతాండ్రా?" అంది అత్త.

"తూటాలే అత్తా. గురికి మంచిగున్నయి."

"గురి కాయితం సూస్తది. సప్పుడు ఊరు ఇంటది. ఊరికి కాయితం జూపిస్తవా ఇంటింటికి?"

ఆమెతో వాదం గెలిచినవాళ్లు ఎవరూ మా ఇంట్లో లేరు. "ఎర్రయే కొట్టు. నేనొస్త, సెవులార ఇంట" అని తీర్మానించింది.

అన్నట్టే, చాంద్‌మారీ నాడు పరదా కట్టిన కచ్చురం బండిలో వచ్చింది. నల్లగొండ బయట, రాళ్ల గుట్ట పక్కన బండి నిలిపించి, పరదా వెనక కూర్చుంది. నేను ఒక జేబులో ఎర్రవి, ఒక జేబులో తెల్లవి వేసుకొని వచ్చాను.

ఇద్దరిద్దరుగా కాల్చాలన్నారు. నా పక్కన హాలియా దిక్కు కాలువ పని పట్టిన కాంట్రాక్టరు. తుపాకి కొత్తది, డబ్బా ఎర్రది. గోనెపట్టా పరిచి, దాని మీద బోర్లా పడుకొమ్మన్నారు. మా వంశంలో మనిషిని నేల మీద పడుకోబెట్టేది ప్రాణం పోయాకనే. అయినా పడుకున్నాను, వెన్ను వంచకుండానే.

చెయ్యి మొదట ఎర్ర జేబులోకి పోయింది. పరదా అటే చూస్తోందనిపించింది. తుపాకే పోయాక చప్పుడెక్కడిది అనుకున్నాను. తెల్లది తీశాను.

కాంట్రాక్టరు కొట్టినప్పుడల్లా గుట్ట మారుమోగింది. నాది టప్పుమంది. వాడు తల తిప్పి నవ్వాడు.

"ఏం దొరా, నీ తుపాకికి సర్ది వట్టిందా? తుమ్ముతాంది. జర దవాఖానకు తోలుకపో."

"నాది తుమ్మితే కాయితానికి తగుల్తాంది. నీది గంతగనం దగ్గినా గుట్టకు గూడ సక్కగ తగుల్తలేదు" అన్నాను.

కాగితాలు తెచ్చారు. వాడి కాగితం అమ్మవారు పోసిన మొహంలా ఉంది. నా కాగితాన్ని అధికారి ఎండకు ఎత్తి, దాని మధ్య కన్నం గుండా నన్ను చూశాడు.

"బాగుందండీ! 'క్రీడ' అని ఖాయం చేసేస్తానండి" అన్నాడు.

తుపాకి ఇంటికి వస్తుంది. ఆటగాడిగానైనా సరే.

బండి దగ్గరికి పోయాను. పరదా తొలగించి అత్త నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"ఇన్నరా బిడ్డా! పిడుగులు వడ్డట్టు వడ్డయి నీయి. పక్కపొంటి ఆ పేలాలు ఏంపినోడు ఎవడురా?"

"ఎవడో కాంట్రాక్టరు, అత్తా."

"మరి! తాతలు లేనోనికి సప్పుడెక్కడికెళ్లొస్తది?"

పెద్దల మాట కాదనడం మా ఇంట్లో లేదు. ఆ మాట ఊళ్లో ప్రతి గడపా విన్నది.

అప్పటి నుంచి రెండు డబ్బాలకూ పని ఏర్పడింది. తెల్లది సర్కారు కోసం, ఎర్రది దసరా కోసం. పూజ కాగానే మొరం గుట్టలోకి ఒక్క ఎర్ర తూటా పేల్చేవాణ్ణి. అది ఎక్కడ తగిలిందో చూసే ఆచారం లేదు కనుక ఇబ్బంది లేదు. కొన్నేళ్లకు విలాయతి సరుకు పూర్తిగా ఆగిపోయింది, ఎర్ర డబ్బా అడుగు కనబడింది. ఆ దసరాకు దారి లేక తెల్లది పెట్టి పేల్చాను. టప్పుమంది. కోళ్లు కూడా తలెత్తలేదు.

అత్త చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, చెవి ఒగ్గి నిలబడింది. నేను తుపాకి దించి, పేలాల మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"గాలి అటు దిక్కు కొడ్తాంది, బిడ్డా. సప్పుడంత ఊరి మీదికి వోయింది" అంది. నా చేయి తడుముకొని, అందులో జమ్మి ఆకు పెట్టింది.

జమ్మి కొమ్మ మీద ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

"అవునత్తా, మస్తు గాలి" అన్నాను.